దుబాసీ తప్పుకున్నాక: ఎమ్యులేటర్ వేగం వెనుక అరవై యేళ్ళ చరిత్ర

2007 నవంబరు 12న గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్ తొలి ప్రతిని ప్రోగ్రామర్ల ముందుంచింది. ఆనాటికి ఆండ్రాయిడ్‌తో నడిచే ఫోను బజారులో ఒక్కటి కూడా లేదు. మొదటిదైన టి-మొబైల్ జీ1 అమ్మకానికి వచ్చింది 2008 అక్టోబరులో. మధ్యలో గడిచిన పదకొండు నెలలూ బయటి ప్రోగ్రామర్లలో చాలామందికి ఆండ్రాయిడ్ అంటే కంప్యూటర్ తెర మీద కదిలే ఒక ఫోను బొమ్మే. దాని పేరు ఎమ్యులేటర్. ఆ వ్యవస్థకు రాసిన తొలి యాప్‌లలో ఎన్నో అసలు యంత్రాన్ని చూడకుండా, దాని అనుకరణ మీదనే ప్రాణం పోసుకున్నాయి.

ఆ అనుకరణ తొలి అయిదేళ్ళలో మూటగట్టుకున్న పేరు ఒక్కటే, నత్తనడక. బొమ్మ ఫోను మేలుకునేలోగా కాఫీ కలుపుకుని రావచ్చునన్నది ఆ రోజుల్లో పని చేసినవారికి అనుభవైకవేద్యం. ఈనాడు ఎవరైనా ఎమ్యులేటర్ నెమ్మదిగా ఉందని వాపోతే వెంటనే వినిపించే సలహా, ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ ఆన్ చేసుకోమని. సలహా సరైనదే. అయితే ఆ మాటను బట్టి మనం సాధారణంగా ఊహించుకునేది వేరు: అనుకరణ అలాగే సాగుతుందనీ, హార్డ్‌వేర్ దాన్ని తొందరపెడుతుందనీ అనుకుంటాం. చరిత్ర చూస్తే జరిగినది వేరొకటి. వేగం పెరిగిన ప్రతిసారీ అనుకరణలో ఒక భాగం రద్దయింది. ఏ భాగం, ఎప్పుడు, ఎలా రద్దయిందో, దానికి చెల్లించిన మూల్యమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట పుట్టుక

ఒక యంత్రం మరొక యంత్రాన్ని అనుకరించగలదన్న ఊహకు గణితశాస్త్ర పునాది వేసినది 1936లో అలాన్ ట్యూరింగ్ రాసిన పరిశోధన పత్రం. ఏ యంత్రం వర్ణన ఇచ్చినా చదువుకుని, దానిలాగే ప్రవర్తించగల సార్వత్రిక యంత్రాన్ని ఆయన అందులో నిర్వచించాడు. అనుకరణ సాధ్యమని ఆ సిద్ధాంతం హామీ ఇస్తుంది. అది ఎంతసేపట్లో పూర్తవుతుందన్నది దాని పరిధిలోకి రాదు. సాధ్యతకూ వేగానికీ మధ్యనున్న ఆ ఎడం దాదాపు ముప్పై యేళ్ళ తరువాత ఒక వ్యాపార సంకటంగా ముందుకు వచ్చింది.

1964 ఏప్రిల్ 7న ఐబిఎం తన సిస్టం/360 కుటుంబాన్ని ప్రకటించింది. పాత యంత్రాలలో ఎక్కువగా అమ్ముడుపోయిన 1401 అప్పటికే వేల సంఖ్యలో వాడుకలో ఉంది. జీతాల పట్టీలూ, బ్యాంకు ఖాతాలూ, సరుకుల లెక్కలూ 1401 భాషలో రాసి ఉన్నాయి. కొత్త కుటుంబానికి ఆ భాష తెలియదు. 1963 డిసెంబరులో హనీవెల్ సంస్థ తన 200 నమూనాను ప్రకటించి, 1401 ప్రోగ్రాములను దానికి తరలించే ‘లిబరేటర్’ అనే సాధనాన్ని కూడా జతచేసింది. పాత ఖాతాదారులను ఐబిఎం నుంచి విముక్తులను చేస్తామన్నది ఆ పేరులోని ఎత్తిపొడుపు.

పాత యంత్రాన్ని పూర్తిగా సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తే ఫలితం సరిగానే వస్తుంది గాని, వ్యాపారానికి పనికిరానంత ఆలస్యమవుతుంది. ఐబిఎం ఇంజనీర్లు ఎంచుకున్న మార్గం వేరు. సిస్టం/360 నమూనాలలో అధికభాగం ప్రతి ఆదేశాన్నీ లోపల మైక్రోకోడ్ అనే ఇంకా చిన్న అడుగులుగా విడగొట్టి నడుపుతాయి. ఆ మైక్రోకోడ్‌లోనే పాత యంత్రపు ఆదేశాలకు అవసరమైన అడుగులను కూడా చేర్చారు. దానితో చిన్న నమూనా అయిన మోడల్ 30 సైతం 1401 ప్రోగ్రాములను అసలు 1401 కన్నా వేగంగా నడపగలిగింది.

సాఫ్ట్‌వేర్ మాత్రమే చేసే అనుకరణను వారు ‘సిమ్యులేషన్’ అన్నారు. హార్డ్‌వేర్, మైక్రోకోడ్‌ల తోడ్పాటుతో జరిగేదానికి వేరే పేరు కావలసివచ్చి ‘ఎమ్యులేషన్’ అన్నారు. ఆంగ్లంలో ఆ క్రియకు ఊరికే అనుకరించడమని కాక, సరిసాటిగా నిలవాలని, వీలైతే మించిపోవాలని పోటీపడటమని అర్థం. అంటే ఎమ్యులేటర్ అనే మాట పుట్టుకలోనే హార్డ్‌వేర్ సాయం ఉంది. ఆ తరువాతి దశాబ్దాల వాడుకలో ఈ భేదం చెరిగిపోయి, హార్డ్‌వేర్ సాయం ఏమాత్రం లేని అనుకరణలకు కూడా ఆ పేరే స్థిరపడింది. 2007 నాటి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ అటువంటిదే. ఐబిఎం వారి పరిభాషలో అది ఒట్టి సిమ్యులేటర్.

రెండు రకాల దుబాసీలు

ప్రతి ప్రాసెసర్‌కూ తనదైన ఆదేశాల భాష ఉంటుంది. ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్ భాష, మన బల్లల మీది ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల ఎక్స్86 భాష పరస్పరం అర్థంకానివి. మధ్య ఒక దుబాసీ కావాలి. కంపెనీ కాలపు మదరాసులో దుబాసీ లేనిదే బేరం సాగేది కాదు, న్యాయస్థానంలో సాక్ష్యం నమోదయ్యేది కాదు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో చేసిన ఉద్యోగం అటువంటి దుభాషిత్వమే.

యంత్రాల మధ్య దుబాసీ పని రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, పలికిన వాక్యాన్ని అప్పటికప్పుడు మార్చి చెప్పడం. అతిథి యంత్రపు ఆదేశాన్ని ఒకటి చదివి, అర్థం చేసుకుని, దాని పనిచేసి, తరువాతిదానికి వెళ్ళాలి. ఒకే ఆదేశం వెయ్యిసార్లు ఎదురైతే వెయ్యిసార్లూ ఈ తతంగమంతా మళ్ళీ మొదలు. రెండవది, ఒక పేరా మొత్తాన్ని తర్జుమా చేసి కాగితం మీద భద్రపరచుకుని, అదే పేరా మళ్ళీ వచ్చినప్పుడు ఆ కాగితాన్నే చదివి వినిపించడం. దీనిని డైనమిక్ ట్రాన్స్‌లేషన్ అంటారు.

ఈ రెండవ పద్ధతిని విస్తృతంగా అందుబాటులోకి తెచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రీస్ బెలార్. ఆయన 2003లో విడుదల చేసిన క్యూఎమ్యు ఎన్నో రకాల ప్రాసెసర్లను ఎన్నో రకాల యంత్రాల మీద అనుకరిస్తుంది. 2005లో యూసెనిక్స్ సదస్సులో సమర్పించిన పత్రంలో ఆయన తన దుబాసీ సామర్థ్యాన్ని లెక్కకట్టి చూపాడు: నేరుగా నడిచే ప్రోగ్రాముతో పోలిస్తే పూర్ణాంకాల పనిలో సుమారు 4 రెట్లు, దశాంశ గణనలో సుమారు 10 రెట్లు నెమ్మది. ఒక ప్రోగ్రామును కాక మొత్తం యంత్రాన్నే అనుకరించవలసివస్తే జ్ఞాపకశక్తి చిరునామాల తర్జుమా వల్ల మరో రెండింతల భారం పడుతుంది. అతిథి వ్యవస్థ ఏ గడిలోని అంకెను అడిగినా, అది నిజానికి ఆతిథేయ యంత్రంలో ఎక్కడుందో ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ వెతికి చూడవలసి ఉండటమే దీనికి కారణం.

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌ను ఈ క్యూఎమ్యు మీదనే నిర్మించారు. ‘గోల్డ్‌ఫిష్’ అనే ఒక ఊహా ఫోనును, దానిలో ఆర్మ్ వారి 926 ప్రాసెసర్‌ను అది అనుకరించేది. దుబాసీ సమర్థుడే. అయినా ఫోను పలికే ప్రతి మాటా అతని నోటిగుండానే పోవాలి.

దుబాసీ అక్కరలేని చోటు

మాట్లాడే ఇద్దరిదీ ఒకే భాష అయితే? ఈ ప్రశ్నకు జవాబు కూడా 1960లలోనే, అదే ఐబిఎంలో దొరికింది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ శాస్త్ర కేంద్రంలో రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో తయారై 1967 జనవరికి వాడుకలోకి వచ్చిన సీపీ-40 వ్యవస్థ, ఒకే సిస్టం/360 మీద పనిచేసే ఒక్కొక్కరికీ ఒక్కొక్క సిస్టం/360 తమ సొంతమన్న భ్రమ కలిగించింది. అతిథీ, ఆతిథేయీ ఒకే జాతి యంత్రాలు. కాబట్టి మామూలు ఆదేశాలన్నీ తర్జుమా లేకుండా నేరుగా నడుస్తాయి. యంత్రం మొత్తాన్ని ప్రభావితం చేసే విశేషాధికార ఆదేశాలు వచ్చినప్పుడు మాత్రం ప్రాసెసర్ ఆగి, నియంత్రణను పై పెత్తందారుకు అప్పగిస్తుంది. ఈ పెత్తందారునే తరువాత హైపర్‌వైజర్ అన్నారు.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ పద్ధతికి శాస్త్రీయ నిర్వచనం ఇచ్చారు. వర్చువల్ యంత్రానికి వారు చెప్పిన లక్షణాలు మూడు: అసలు యంత్రంతో సమానమైన ప్రవర్తన, వనరుల మీద హైపర్‌వైజర్‌కు పూర్తి అదుపు, సామర్థ్యం. ఈ మూడవదాని వివరణ మనకు ముఖ్యం. ఆదేశాలలో అత్యధిక భాగం ఎవరి జోక్యమూ లేకుండా నేరుగా ప్రాసెసర్ మీద నడవాలని వారి షరతు. ఆ షరతుతో సంప్రదాయ ఎమ్యులేటర్లు ఆ నిర్వచనం పరిధి దాటి బయట పడ్డాయి. యంత్రపు స్థితిని తాకే ప్రతి సున్నితమైన ఆదేశమూ విశేషాధికార ఆదేశమే అయివుంటే, ఆ ప్రాసెసర్ మీద ఇటువంటి హైపర్‌వైజర్‌ను నిర్మించవచ్చునని వారు నిరూపించారు.

ఇంట్లో వాడే కంప్యూటర్లలోని ఎక్స్86 ప్రాసెసర్ ఈ పరీక్షలో తప్పింది. పెంటియం ఆదేశాలలో 17 ఈ నియమాన్ని ఉల్లంఘిస్తాయని 2000లో వెలువడిన ఒక విశ్లేషణ లెక్కతేల్చింది. ఉదాహరణకు ‘పాప్‌ఎఫ్’ అనే ఆదేశాన్ని అధికారం లేని ప్రోగ్రాము వాడి అంతరాయాలను ఆపబోతే, ప్రాసెసర్ ఆగదు, ఫిర్యాదు చేయదు. ఆ భాగాన్ని విననట్టు దాటవేస్తుంది. ఆగితేనే కదా హైపర్‌వైజర్‌కు తెలిసేది. స్టాన్‌ఫర్డ్ పరిశోధనల నుంచి 1998లో పుట్టిన వీఎంవేర్ సంస్థ 1999లో ఈ చిక్కును యుక్తిగా దాటింది. మామూలు ప్రోగ్రాములను నేరుగా నడపనిచ్చి, ఆపరేటింగ్ సిస్టం లోపలి భాగాన్ని మాత్రం ముందే చదివి, ప్రమాదకరమైన ఆదేశాల చోట సురక్షితమైనవి పెట్టింది. ఒకే భాషలో మాట్లాడుకునే ఇద్దరి మధ్య కూడా, కొన్ని మాటల కోసం దుబాసీని కూర్చోబెట్టడమన్నమాట.

సిలికాన్‌లో చేరిన సాయం

2005 నవంబరులో ఇంటెల్, 2006 మే నెలలో ఏఎండీ తమ ప్రాసెసర్లలో వర్చువలైజేషన్ సదుపాయాన్ని చేర్చాయి. అతిథి వ్యవస్థకు ప్రాసెసర్‌లో ఒక ప్రత్యేక స్థితి ఏర్పడింది. సున్నితమైన ఆదేశం వచ్చినప్పుడు అవసరాన్ని బట్టి హైపర్‌వైజర్‌కు కబురందుతుంది. పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల షరతు మూడు దశాబ్దాలకు నెరవేరింది. 2007 ఫిబ్రవరిలో వెలువడిన లినక్స్ 2.6.20లో ఈ సదుపాయాన్ని వాడుకునే కేవీఎం భాగమైంది.

ఆశ్చర్యమేమంటే, ఈ తొలి తరం హార్డ్‌వేర్ సాయం చాలా సందర్భాలలో సాఫ్ట్‌వేర్ యుక్తి కన్నా నెమ్మదిగా ఉండేది. వీఎంవేర్‌కు చెందిన కీత్ ఆడమ్స్, ఓలే అగేసెన్ 2006లో ప్రచురించిన పత్రం ఈ సంగతిని కొలతలతో చూపింది. అతిథి నుంచి హైపర్‌వైజర్‌కు వెళ్ళిరావడమే ఖరీదైన ప్రయాణం. జ్ఞాపకశక్తి పట్టికల నిర్వహణకు హార్డ్‌వేర్ సాయం లేకపోవడంతో ఆ ప్రయాణం మాటిమాటికీ తప్పలేదు. 2007లో ఏఎండీ, 2008లో ఇంటెల్ ఆ పట్టికల తర్జుమాను కూడా ప్రాసెసర్‌కే అప్పగించాక పరిస్థితి మారింది. హార్డ్‌వేర్ అన్న మాట వినగానే వేగమని అనుకోవడం ఎంత తొందరపాటో ఈ ఘట్టం చెబుతుంది. ఎంత తక్కువసార్లు ఆగవలసివస్తే అంత వేగం.

బొమ్మ ఫోను భాష మార్చుకుంది

2008 నాటికి ఈ సరంజామా చాలావరకు సిద్ధంగానే ఉంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కు మాత్రం అది ఒరగబెట్టింది లేదు. కేవీఎం వంటివి ఎక్స్86 అతిథికి సాయపడగలవు, ఆర్మ్ అతిథికి కాదు. ఈ అడ్డంకి ఆపిల్‌కు ఎదురుకాలేదు. 2008 మార్చిలో వచ్చిన ఐఫోన్ కిట్‌లోని ‘సిమ్యులేటర్’ ప్రాసెసర్‌ను అసలు అనుకరించదు. ప్రోగ్రామర్ రాసిన యాప్‌నే మ్యాక్ ప్రాసెసర్ భాషలోకి కంపైల్ చేసి నేరుగా నడుపుతుంది. అందుకే అది మొదటినుంచీ చురుకు.

ఆండ్రాయిడ్‌కు విరుగుడు కూడా ఆ దిశలోనే దొరికింది: ఫోను వ్యవస్థనే ఎక్స్86కు కంపైల్ చేయడం. అప్పటి యాప్‌లు ఎక్కువగా జావాలో రాసి, డాల్విక్ బైట్‌కోడ్‌గా మారేవి కనుక కింద ఏ ప్రాసెసర్ ఉన్నా వాటికి పట్టింపు లేదు. 2012 వసంతంలో వచ్చిన 17వ సవరణతో ఎక్స్86 ప్రతిరూపాలకు వర్చువలైజేషన్ తోడ్పాటు లభించింది. లినక్స్‌లో కేవీఎం, విండోస్, మ్యాక్‌లలో ఇంటెల్ అందించిన హాక్సమ్ డ్రైవర్ ఆ బాధ్యత తీసుకున్నాయి. దుబాసీ కుర్చీ ఖాళీ అయింది.

తెర సంగతి వేరే. 2011 ఫిబ్రవరిలో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 నుంచి తెర మీది చిత్రణ గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద ఆధారపడసాగింది. ఎమ్యులేటర్‌లో ఆ ప్రాసెసర్ లేదు. పిక్సెల్‌ఫ్లింగర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క చుక్కనూ లెక్కకట్టి గీసేది. 2012 సవరణే దీనికీ దారి చూపింది. అతిథిలోని యాప్ ఇచ్చే ఓపెన్‌జీఎల్ ఈఎస్ పిలుపులను ఒక గొట్టంగుండా ఆతిథేయ యంత్రానికి పంపి, అక్కడి గ్రాఫిక్స్ కార్డుతో గీయించారు. ఫోనులోని గ్రాఫిక్స్ చిప్ పనితీరును ఇక్కడ ఎవరూ అనుకరించలేదు. దానిని కోరిన పనిని మాత్రమే వేరొకరికి అప్పగించారు. 2017 చివర వచ్చిన క్విక్ బూట్ ఇంకొక అడుగు వేసి, బూట్ ప్రక్రియనే తప్పించింది. నిద్రపుచ్చిన ఫోను స్థితిని డిస్కు మీద దాచి, కావలసినప్పుడు తిరిగి లేపుతుంది.

తాళంచెవి ఒక్కరికే

ఈ ఏర్పాటులో ఒక అధికార సమస్య దాగి ఉంది. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం సాధారణంగా ఒక్క పెత్తందారు చేతిలోనే ఉంటుంది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి దానిని ముందుగా ఆక్రమిస్తే హాక్సమ్‌కు చోటు ఉండేది కాదు. డాకర్ వంటి ఉపకరణాల కోసం హైపర్-వి ఆన్ చేసుకున్నవారు ఎమ్యులేటర్‌ను వదులుకోవాలి, లేదా రెండింటి మధ్య మాటిమాటికీ కంప్యూటర్‌ను రీబూట్ చేసుకోవాలి. 2018లో మైక్రోసాఫ్ట్ తన హైపర్‌వైజర్‌ను ఇతర ప్రోగ్రాములకు కూడా తెరిచాక ఈ తగవు తీరింది.

తాళంచెవి మరికొన్ని చోట్ల కూడా చిక్కుకుంటుంది. చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయాన్ని బయాస్ అమరికలలో ఆన్ చేయాలి. కళాశాల ప్రయోగశాలలోని విద్యార్థికీ, సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద పనిచేసే ఉద్యోగికీ ఆ అమరికలు తెరిచే అధికారం ఉండకపోవచ్చు. దూరాన ఉన్న సర్వర్‌లోని వర్చువల్ డెస్క్‌టాప్ మీద పనిచేసేవారిది ఇంకా కష్టం. అక్కడ ఎమ్యులేటర్ ఒక అతిథిలోపలి అతిథి. పైనున్న హైపర్‌వైజర్ అనుమతిస్తే తప్ప సాయం అందదు. అందుకే ఒకే ఎమ్యులేటర్, ఒకే రకం ప్రాసెసర్ మీద, ఒకరికి పరుగు, మరొకరికి పాకుడు.

వేగానికి మూల్యం

దుబాసీ తప్పుకున్నాక మిగిలిన బొమ్మ ఫోను ఎవరి ఫోను? 2012 తరువాత బల్ల మీద నడిచిన ఆండ్రాయిడ్ ఎక్స్86ది. జనం చేతుల్లోని ఫోన్లు దాదాపు అన్నీ ఆర్మ్‌వి. తేడా మొదట కనబడినది సి, సి++ భాషలలో రాసిన భాగాలున్న యాప్‌లలో. ఆర్మ్‌కు మాత్రమే కంపైల్ చేసిన ఆ భాగాలు ఉన్న యాప్ ఎక్స్86 ఎమ్యులేటర్‌లో ఇన్‌స్టాలే కాకపోయేది. 2020లో ఆండ్రాయిడ్ 11 ప్రతిరూపాలు దీనిని సర్దుబాటు చేశాయి. వ్యవస్థ అంతా ఎక్స్86లో నేరుగా నడుస్తుంది, యాప్‌లోని ఆర్మ్ భాగాలకు మాత్రమే తర్జుమా జరుగుతుంది. దుబాసీని తిరిగి పిలిచారు గాని, అవసరమైన గది వరకే.

రెండవ తేడా కంటికి కనబడనిది. ఒక ప్రాసెసర్ కోర్ జ్ఞాపకశక్తిలో వరుసగా రాసిన రెండు విలువలు ఇంకొక కోర్‌కు ఏ వరుసలో కనబడతాయన్న విషయంలో ఎక్స్86 నియమాలు కఠినం, ఆర్మ్ నియమాలు సడలు. ఒకేసారి నడిచే రెండు థ్రెడ్‌ల మధ్య ప్రోగ్రామర్ పెట్టవలసిన కట్టడి పెట్టకపోతే, ఆ లోపం ఎక్స్86 ఎమ్యులేటర్‌లో ఎన్నాళ్ళైనా బయటపడకపోవచ్చు. అదే యాప్ అసలు ఫోనులో ఎప్పుడో ఒకసారి, కారణం అంతుపట్టకుండా కూలిపోవచ్చు. వేగం కోసం తెచ్చుకున్న చుట్టరికం ఇక్కడ తప్పును కప్పిపుచ్చింది.

2020 నవంబరులో ఆపిల్ తన ఎం1 ప్రాసెసర్‌ను ప్రకటించడంతో కథ ఒక మలుపు తిరిగింది. బల్ల మీది యంత్రమే ఆర్మ్ అయింది. ఫోను వ్యవస్థ తన సొంత భాషలో, తర్జుమా లేకుండా, మ్యాక్ హైపర్‌వైజర్ సాయంతో నడిచింది. విశ్వసనీయతకూ వేగానికీ మధ్యనున్న పాత వైరం కనీసం ప్రాసెసర్ వరకు సమసింది. ఎక్స్86 మార్గానికి తలుపు తెరిచిన హాక్సమ్ అభివృద్ధిని ఇంటెల్ 2023 జనవరిలో నిలిపివేసింది. ఒక దశాబ్దపు చరిత్రలో ఆ చిన్న డ్రైవర్ పాత్ర ముగిసింది.

అయినా అనుకరణ అంతా తొలగిపోలేదు, తొలగిపోదు కూడా. గ్రాఫిక్స్ పని ఆతిథేయ కార్డుదే. కెమెరా, సెన్సార్లు, బ్యాటరీ ఊహలే. వేడెక్కి నెమ్మదించే గుణం బొమ్మ ఫోనుకు లేదు. 2007లో ఎమ్యులేటర్ అసలు ఫోను కన్నా నెమ్మది. ఈనాడు ఎన్నో చవక ఫోన్ల కన్నా అదే వేగం. ఐబిఎం మోడల్ 30 తాను అనుకరించిన 1401ను మించిపోయినప్పుడు ఖాతాదారుకు అది లాభమే, ఎందుకంటే ఆ ప్రోగ్రాము ఇక కొత్త యంత్రం మీదనే నడుస్తుంది. ఫోను విషయం అలా కాదు. విదేశంలోని ఖరీదైన ల్యాప్‌టాప్ మీద ఇట్టే తెరుచుకున్న యాప్ చివరకు నడవవలసినది కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఒకరి చేతిలోని, జ్ఞాపకశక్తి నిండిపోయిన పాత ఫోనులో.

కాబట్టి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మీట నొక్కేవారు దానితో పాటు ఒక పట్టిక కూడా మనసులో ఉంచుకోవడం మంచిది: ఈ తెర మీద కనబడుతున్నదానిలో ఏది ఫోనుది, ఏది నా కంప్యూటర్‌ది, ఏది ఊహ? మొదటి వరుసలో ఉన్నదానినే ఎమ్యులేటర్ పరీక్షిస్తుంది. తక్కిన రెండు వరుసలనూ పరీక్షించడానికి బల్ల మీద ఒక చవక ఫోను కూడా ఉండాలి.